వెలుతురు పరీక్ష

ఏటుకూరు రోడ్డు గోడౌన్ ముందు
తెల్లారకముందే వచ్చి నిలబడింది నలభై అడుగుల పెట్టె.
ఏ రేవు మట్టో ఎండి అంటుకుంది మూలల్లో.
తలుపు మీద పాత స్టిక్కర్లు గోకిన మచ్చలు,
సగం చిరిగి మిగిలిన పుర్రె బొమ్మ
ఒంటికన్నుతో చూస్తోంది.

తలుపులు బార్లా తీసి గంటసేపు వదిలేస్తాను.
"ఖాళీ పెట్టేగా మేడమ్, ఎక్కేద్దామా?"
ముఠాలో కొత్త కుర్రాడు.
ఖాళీ అన్నది నేను కాదు నాయనా,
కాగితం.

గంటయ్యాక నేనొక్కదాన్నే లోపలికెళ్తాను.
నాగుల్ మీరా బయటినుంచి తలుపులు దగ్గరకు లాగి
చేత్తో పట్టుకునే ఉంటాడు, గడియ వెయ్యడు.
అది మా ఇద్దరికీ సంతకాల్లేని ఒప్పందం.

చీకటి.
తుప్పు వాసన, తడిసి ఆరిన చెక్క వాసన.
తలెత్తి చూస్తాను
కప్పు ఈ చివర నుంచి ఆ చివరికి.
సూదిమొనంత వెలుతురు కనబడినా పెట్టె వెనక్కే.
ఆ చుక్కలోంచే దిగుతుంది సముద్రం,
పద్దెనిమిది రోజులు బొట్టు బొట్టుగా.
తేజా మిరప నల్లబడి బూజెక్కి
అవతలి రేవులో ఎవరో ముక్కు మూసుకుని ఫొటో తీస్తారు.
అక్కణ్ణించి ఉత్తరాలు.

ఉత్తరాలు నాకు తెలుసు.

మూడేళ్ల కింద ఇలాంటి పెట్టెలోంచే
పేరయ్య నవ్వుతూ అరిచాడు
"ఎవరే లోపల వెల్లుల్లి తాలింపు పెట్టిందీ?" అని.
రెండో బస్తాకి లేవలేదు.

నేల చెక్కల సందులో నాలుగు పొట్లాలు దొరికాయి,
ఎవరి సరుకులో పురుగుల కోసమో పెట్టినవి.

షిప్పింగ్ లైను రాసింది: శుభ్రమని మీరే రాసిచ్చారు.
యార్డు రాసింది: ఊడ్చే పని కాంట్రాక్టరుది.
కాంట్రాక్టరు రాయలేదు, ఫోన్ ఎత్తలేదు.
అంతకుముందు సరుకు వేసిన కంపెనీకి
మూడు దేశాల్లో మూడు చిరునామాలు,
ఏ ఒక్కదానికీ తలుపు లేదు.
ఇన్సూరెన్సు ఆఫీసులో అబ్బాయి మర్యాదగానే అడిగాడు:
పాలసీ సరుకు మీద కదండీ, మనిషి మీద కాదుగా?

బస్తాకి రూపాయల్లో లెక్కుంది.
పేరయ్యకి ముఠా పుస్తకంలో ఒక గీత,
గీత పక్కన వేలిముద్ర.

శుభ్రమని సంతకం చేసింది నేను.
పెట్టె చూడకుండా,
టీ గ్లాసు ఫైలు మీద పెట్టి,
ఓడ గడువు దాటిపోతోందని.
ఆ కాగితం మీద టీ మరక ఇప్పటికీ గుండ్రంగా ఉంది.
లాయరు కూడా అడగలేదు దాని గురించి.

వెలుతురు లేదు. వెల్లుల్లి లేదు.
తలుపు తట్టాను.
నాగుల్ మీరా ముఖం, వెనకాల ఎండ.

మధ్యాహ్నానికి అయిదొందల అరవై బస్తాలు ఎక్కాయి.
తొడిమలు తీసే ఆడవాళ్లలో సలోమి ఉంది, పేరయ్య భార్య.
ఎర్రటి దుమ్ములోంచి తలెత్తకుండానే
పైకే లెక్కపెడుతుంది ఎక్కే బస్తాలన్నీ.
ఎవరూ చెప్పని పని.
నా లెక్కా ఆమె లెక్కా ఎప్పుడూ కలుస్తాయి.
మేమిద్దరం మాత్రం మాట్లాడుకోం.

కాటా మీద పెట్టెతో సహా
పద్దెనిమిది టన్నులకి నలభై కేజీలు తక్కువ.
ఉన్నదే రాశాను.
ఓడలో ఏడు పెట్టెల దొంతర ఒరిగేది
ఇక్కడ మింగేసిన అంకె బరువుకే.

ఓడవాళ్లు విప్పి చూడరు.
"ఇందులో ఇవి ఉన్నవని చెప్పబడినది"
అని బిల్లు మీద అచ్చేసి చేతులు దులుపుకుంటారు.
చెప్పింది ఎవరంటే, నేను.

ఇప్పుడు మా మిరపక్కూడా మందు పెట్టాలి.
పొట్లాలు ఎన్నో, ఎక్కడెక్కడో, తాడుకి కట్టి
చివర తలుపు పక్కకే లాగి, లెక్క రాసి
సీలు నంబరు పైకి చదివాను,
మీరా మళ్లీ చదివాడు.

తలుపు మీద కొత్త పుర్రె బొమ్మ అంటించాను.
తేదీ, గంట, గాలి పోయేదాకా ఎక్కొద్దని.
అవతల ఈ తలుపు తీసేవాడి పేరు నాకు తెలీదు.
తాలింపుని వాడి భాషలో ఏమంటారో తెలీదు.

ఉండవల్లి వైపు మబ్బు పట్టింది.
స్టిక్కరు నాలుగు మూలలూ
బొటనవేలితో ఇంకోసారి అదిమాను.